చిల్లర నీళ్ళ గిన్నె

ఆ డిపోలో పనిచేసిన వాళ్ళలో ఎవరినడిగినా కండక్టరమ్మ గురించి ముందు ఆమె నోటి సంగతి చెబుతారు, తరువాత ఆమె ఈల సంగతి చెబుతారు. నీళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తెలిస్తే కదా చెప్పడానికి.

డిపోలో ఆడ కండక్టర్లు ఇంకా నలుగురైదుగురు ఉండేవారు. కానీ ముందూ వెనకా ఏమీ తగిలించకుండా ఉత్త కండక్టరమ్మ అంటే ఈవిడే. టికెట్టు తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి, అక్కడేం కనబడుతోందో మాకూ చెప్పండి, మేమూ చూస్తాం అని బస్సంతా వినేలా అడిగేది. ఆయన గబగబా జేబులో చెయ్యి పెట్టేవాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళను చొక్కా పట్టుకుని లోపలికి లాగేది. చెకింగుకి వచ్చిన వాళ్ళకు కూడా మూడు చెరువుల నీళ్ళు తాగించిన మనిషి. తను మాత్రం డ్యూటీలో గుక్కెడు నీళ్ళు తాగేది కాదు.

ఆమె రూటు ఊరికి ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఈ చివర డిపోలో ఒక మరుగుదొడ్డి ఉండేది. దానికి తలుపు ఉంది, గడియ లేదు. ఆ చివర ఒక రేకుల షెడ్డు, ఒక టీ బండి, ఒక పొడుగాటి గోడ. గోడ మగవాళ్ళకు. ఈ లోకంలో ఒక గోడ కట్టేస్తే మగవాడి కష్టం తీరిపోతుంది. ఆడవాళ్ళ సంగతేమిటని కట్టినవాళ్ళు అనుకోలేదు, ఈవిడా అడగలేదు. అడగాలంటే ఆఫీసులో ఎవరో మగమనిషి బల్ల ముందు నిలబడి ఆ మాట నోటితో అనాలి. బస్సంతా దద్దరిల్లేలా మాట్లాడే మనిషికి ఆ ఒక్క మాటకు నోరు పెగల్లేదు.

అందుకని ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే ఒక పద్ధతి పెట్టుకుంది. ఇంట్లో బయల్దేరేటప్పుడు ఒక గుక్క. ట్రిప్పు ముగిసినప్పుడు ఒక గుక్క, అదీ నోరు తడుపుకోవడానికే. లోపల పోయకపోతే బయటికి రావడానికేముంటుందని ఆమె లెక్క. మధ్యాహ్నానికి తల పగిలిపోయేది, కళ్ళు మండేవి, ఒంటేలు పోసుకుంటే మంట పుట్టేది. ఉద్యోగమన్నాక ఇవన్నీ ఉంటాయిలే అని సరిపెట్టుకునేది.

కూతురు పుట్టిన తరువాత ఇంకో తిప్పలు మొదలైంది. బస్సు గతుకులో పడ్డా, గట్టిగా తుమ్మినా, పడీపడీ నవ్వినా రెండు చుక్కలు జారిపోయేవి. యూనిఫాం ముదురు రంగుది కాబట్టి పరువు దక్కింది. లోపల మడత గుడ్డ పెట్టుకోవడం నేర్చుకుంది. తల్లికి చెప్పలేదు. భర్తకు చెప్పలేదు. డాక్టరు మాట అసలే లేదు. గుక్కలు ఇంకాస్త తగ్గించింది, నవ్వడం కూడా కాస్త తగ్గించింది. ఆవిడ మొహం ఎప్పుడూ చిటపటలాడుతుంటుందని డిపోలో వెనకాల అనుకునేవాళ్ళు. అనుకోరూ మరి.

కూతురు బడికి పోయే వయసొచ్చాక నీళ్ళ సీసా నింపి సంచిలో పెట్టేది. పెడుతూనే, దాహమైతే నోరు తడుపుకో, అంతకుమించి తాగకు, బయట ఎక్కడ పడితే అక్కడ బాత్రూములుండవు అని చెప్పేది. ఆ పిల్ల చెప్పిన మాట వినే పిల్ల. సాయంత్రం సీసా నిండుగా తిరిగొచ్చేది. బుద్ధిమంతురాలని మెచ్చుకుని తల్లి ఆ నీళ్ళు పూలకుండీల్లో పోసేది.

ఇక చిల్లర సంగతి. డిపోలో తుక్కు బస్సుల కింద ఒక వీధికుక్క ఈనింది. ఒకనాడు బస్సు రివర్సు చేస్తుంటే తల్లీ పిల్లలూ చక్రాల కింద పడ్డాయి. ఒక్క పిల్ల మాత్రం ఎలా తప్పించుకుందో తెలియదు, కండక్టరమ్మ బస్సెక్కి దాక్కుంది. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ చివర దిగేవాళ్ళు ఎవరో మిగతా డబ్బులకోసం సతాయిస్తుంటే, కిందపడి దొర్లిపోయిన నాణెం కోసం ఈవిడ వంగి చివరి సీటు కింద చెయ్యి పెట్టింది. వేళ్ళకు తడి ముక్కు తగిలింది. డ్రైవరు వెనక్కి తిరిగి, చిల్లర దొరికిందా అని అడిగాడు. దొరికిందని మెడ పట్టుకుని పైకెత్తి చూపించింది. పేరు అక్కడికక్కడే ఖాయమైపోయింది.

ఆడపిల్ల. కాఫీ రంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలిపోయి ఉండేది. కండక్టరమ్మ దానికి బస్సు భాషే నేర్పింది. ఒక ఈల వేస్తే ఆగాలి, రెండు ఈలలు వేస్తే కదలాలి. ఈల లేనప్పుడు నోటితో “హోల్డాన్” అంటే ఆగేది, “రైట్ రైట్” అంటే కదిలేది. కన్నకూతురు కూడా ఇంత మాట వినలేదని అంటే పక్కనే ఉన్న కూతురు మూతి ముడుచుకునేది. కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే బండి డిపో దగ్గరికి వచ్చినప్పుడు చిల్లరకూ చేయించింది. దీని తల్లికి పట్టిన గతి దీని పిల్లలకు పట్టకూడదని. కుట్లు మానేదాకా పక్కనే పడుకుంది కూడా.

ఏళ్ళు గడిచాయి. కండక్టరమ్మ రిటైరైంది. అదే డిపోలో మెకానిక్కుగా పనిచేసిన భర్త అంతకుముందే రిటైరయ్యాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఇంజన్లతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, గాలి బాగానే వస్తుంది. తలుపు వెనక చిల్లర పడక. అది మామూలు పడక కాదు, తుక్కుకింద తీసేసిన బస్సులోంచి ఆయన ఊడదీసి తెచ్చిన రెక్సిన్ సీటు. దాని పక్కన నీళ్ళ గిన్నె.

ఆ సీటు మీద ఒక మధ్యాహ్నం తడి కనిపించింది. చిల్లర నిద్రలేచి పక్కకు జరిగితే, రెక్సిన్ గుంటలో నీళ్ళు నిలిచినట్టుంది. కండక్టరమ్మ వంగి వాసన చూసి చెడామడా తిట్టింది. ఇంత వయసొచ్చి ఇదేం పాడుబుద్ధి అంది. చిల్లర ఆమె వంక చూసి, సీటు వంక చూసి, ఈ పని ఎవరు చేశారా అన్నట్టు మళ్ళీ ఆమె వంక చూసింది.

రెండు రోజులాగి మళ్ళీ అదే. తరువాత రోజూ. విచిత్రమేమిటంటే మెలకువగా ఉన్నంతసేపూ ఏమీ లేదు. పొద్దునా సాయంత్రం కిందికి తీసుకెళితే ఎప్పటిలాగే చెట్టు మొదట్లో చక్కగా పోసి వచ్చేది. కళ్ళు మూసుకుని ఒళ్ళు వదిలేస్తే చాలు, కింద తడి. కావాలని చేస్తోందనడానికి లేదు, నిద్రలో కావాలని ఎవరు చేస్తారు. ముసలిదైపోతోందిలే అని పాత తువ్వాళ్ళు పరిచి, ఉతికి, మళ్ళీ పరుస్తూ నెట్టుకొచ్చింది.

అలాగే నెట్టుకొచ్చేది కూడా. సరిగ్గా అప్పుడే కూతురు పాకే పిల్లను చంకనేసుకుని వచ్చింది. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. కూతురికి పెద్ద బట్టల షాపులో కౌంటరు దగ్గర ఉద్యోగం దొరికింది. పాపను అమ్మమ్మ దగ్గర వదిలి పొద్దున వెళితే షాపు కట్టాకే రావడం. పాప నేలంతా తనదే అన్నట్టు పాకేది. పాకిపాకి ఎక్కడికి పోతుంది, చిల్లర దగ్గరికే. ఒక ఆదివారం కూతురు చూస్తుండగానే ఆ తడిలో చేతులు తపతపలాడించి, తీసుకెళ్ళి నోట్లో పెట్టుకుంది.

కూతురు చెడ్డదేమీ కాదు. చిల్లరను ఒళ్ళో పెట్టుకుని పరీక్షలకు చదివిన పిల్ల. పాప చేతులు కడిగి, తుడిచి, ఏడుపు ఆపి, ఆ తరువాత తల్లితో చెప్పింది.

“అమ్మా, నాకు మాత్రం ఇష్టమా? కానీ పాప ఉండేచోట ఇలా అయితే ఎలా? దాన్ని డిపోలో వదిలెయ్యి, అక్కడ నలుగురూ చూసుకుంటారు. లేదంటే నేను పాపను పెట్టుకోవడానికి వేరే చోటు చూసుకుంటాను.”

డిపో అన్న మాటకు కండక్టరమ్మకు రివర్సయ్యే బస్సులు, చక్రాల కింద ఆ తల్లి కుక్క కళ్ళముందు కదిలాయి. ముసలిది, చెవులు కాస్త మందగించినది, ఎన్నాళ్ళు బతుకుతుంది అక్కడ? అలాగని మనవరాలిని దూరం చేసుకోగలదా? కొంచెం టైమివ్వు, నేను సరిచేస్తాను అని కూతురికి మాటిచ్చింది.

సరిచెయ్యడమెలాగో తనకు తెలుసనుకుంది, అక్కడే వచ్చింది చిక్కంతా. ఎందుకనుకుందో చెప్పాలి. అంతకు ముందురోజు చిల్లర నిద్రలేవడం దగ్గరగా చూసింది. అది లేవగానే కింద తడి తగిలి ఉలిక్కిపడింది. గబగబా నాకి శుభ్రం చెయ్యబోయింది. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసి, తోక కాళ్ళ మధ్య దాచుకుని, తలుపు మూలకు పోయి గోడవైపు మొహం పెట్టుకుని కూర్చుంది. కండక్టరమ్మ గుర్తుపట్టింది. బస్సు గతుకులో పడ్డప్పుడు తను అటూ ఇటూ చూసిన చూపే అది. ఇదా నీ బాధ, నాకు ముందే చెప్పకూడదటే అని దాని తల నిమిరింది.

భర్త ఒకసారి కుక్కల డాక్టరుకు చూపిద్దామా అన్నాడు. ఇలాంటివి కూడా డాక్టర్లకు చెప్పుకుంటారా అని ఆయన నోరు మూయించింది. ఆ రోజే నీళ్ళ గిన్నె ఎత్తి అటక మీద పెట్టేసింది. పొద్దున ఒక చిన్న కప్పు, సాయంత్రం ఒక చిన్న కప్పు. ట్రిప్పుకో గుక్క. తను ఉద్యోగమంతా బతికిన పద్ధతే, ఒక్క పిసరు కూడా మార్చలేదు. ప్రేమతోనే చేసింది. శత్రువుకైతే ఆ పద్ధతి చెప్పేది కాదు.

సీటు తడవడం తగ్గింది. వారం తిరిగేసరికి దాదాపు పొడిగా ఉండసాగింది. కూతురు చెయ్యి పెట్టి చూసి, ఏం చేశావమ్మా అని ఆశ్చర్యపోయింది. కొన్ని పద్ధతులుంటాయిలే అని కండక్టరమ్మ గొప్పగా నవ్వింది. డిపో మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పాప చిల్లర పొట్ట మీద తల పెట్టుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఎండలు ముదిరాయి. చిల్లర బాత్రూము తలుపు దగ్గర కాపలా కాయడం మొదలుపెట్టింది. ఎవరైనా స్నానం చేసి వస్తే లోపలికి దూరి గచ్చు నాకేది. తిట్లు తింది. ఇల్లు తుడిచి గుడ్డ బకెట్టు మీద ఆరేస్తే, ఆ గుడ్డను పట్టుకుని చప్పరిస్తుంటే కండక్టరమ్మ చూసింది. ఛీ, ఫినాయిల్ నీళ్ళవి అని గుడ్డ లాక్కుంది. చిల్లర వదల్లేదు. ఎన్నడూ లేనిది, ఆమె వంక చూసి గుర్రుమంది. ఈవిడకు కోపమొచ్చి ఒక ఈల వేసింది. ఆగు అని అర్థం. చిల్లర వెంటనే గుడ్డ వదిలేసి కూర్చుంది. ఆ తరువాత మళ్ళీ ఆ గుడ్డ జోలికి పోలేదు.

మెకానిక్కు ఒకరోజు తన టీ గ్లాసులో నీళ్ళు పట్టి తలుపు వెనక్కి తీసుకెళుతూ పట్టుబడ్డాడు.

“రేడియేటర్లో నీళ్ళు లేకుండా బండి ఎంతదూరం పోతుందే?” అన్నాడు, జీవితంలో మొదటిసారి పెళ్ళానికి ఎదురుచెబుతూ.

“ఇది బండి కాదు. నాకు తెలుసు దీని సంగతి. మళ్ళీ తడిపితే డిపోకి పంపేస్తారు, అప్పుడు నువ్వు కూడా వెళ్ళి ఉంటావా అక్కడ?”

ఆయన గ్లాసు తీసుకెళ్ళి సింకులో ఒంపేశాడు. ఆ చప్పుడుకు చిల్లర తల ఎత్తి చూసింది.

ముందు తిండి మానేసింది. తరువాత పచ్చగా కక్కుకుంది. చెట్టు దగ్గరికి తీసుకెళితే నిలబడి నిలబడి నాలుగు చుక్కలు, అవీ ముదురు రంగులో, ముక్కు బద్దలయ్యే వాసనతో. ఒకనాటి పొద్దున రెండు ఈలలు వేస్తే లేవలేదు. ముందు కాళ్ళ మీద లేవబోయి, మళ్ళీ సీటు మీద పడింది. మెకానిక్కు మారుమాట్లాడకుండా దాన్ని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని మూడు అంతస్తులు దిగాడు.

పశువుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట నెమ్మది. పొట్ట తడిమింది. చిగుళ్ళు నొక్కి చూసింది. మెడ మీద చర్మం రెండు వేళ్ళతో పైకి లాగి వదిలింది. అది లాగింది లాగినట్టే ఉండి, చాలాసేపటికి గాని కిందికి దిగలేదు. నీళ్ళు బాగా తాగుతుందా అని అడిగింది.

“లేదండీ, మానిపించాను,” అంది కండక్టరమ్మ. ఆ మాటలో ఇంకా కాస్త గొప్ప మిగిలే ఉంది. “నిద్రలో పక్క తడుపుతుంటేనూ. ఇప్పుడు పూర్తిగా అదుపులోకి వచ్చింది.”

డాక్టరమ్మ తల ఎత్తింది. ఎవరు మానిపించమన్నారని అడిగింది. కండక్టరమ్మ నీళ్ళు నమిలింది. ఎవరు చెప్పారని చెబుతుంది? ఊరికి ఆ చివర ఉన్న గోడ చెప్పిందనా?

రక్తం తీసి పరీక్షకు పంపి, ఆ ఫలితం వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పిల్లల ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో కొన్నింటికి, కొన్నేళ్ళు పోయాక, మూత్రసంచి మూతి దగ్గరి కండరం వదులవుతుంది. మెలకువగా ఉన్నప్పుడు బిగబట్టుకోగలవు, నిద్రపోతే జారిపోతుంది. వాటికి తెలియను కూడా తెలియదు. దీనికి దానితోపాటు మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా చేరింది. నీళ్ళు లేక, లోపల కడిగేది లేక అది పైకి పాకింది. వయసు మీద కిడ్నీలు ముందే కాస్త నీరసించి ఉంటాయి, ఈ ఎండల్లో అవి తట్టుకోలేకపోయాయి. తడుపుతోందని నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. ఇదంతా చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతులో నింద లేదు. ఉంటే కండక్టరమ్మ పోట్లాడి ఉండేది, కాస్త తేలికపడి ఉండేది.

“మరి ఆ తడపడానికి మందుందా?” అని అడిగింది.

“మాత్ర ఉందండీ. రోజూ వెయ్యాలి. చాలావాటికి తడపడం ఆగిపోతుంది, మిగతావాటికి బాగా తగ్గుతుంది. చాలా మామూలు జబ్బు ఇది, మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.”

“అంటే, సిగ్గుపడాల్సిందేమీ లేదా?”

డాక్టరమ్మకు అర్థంకాలేదు. “కుక్కకు సిగ్గేమిటండీ?” అంది.

మెకానిక్కుకూ అర్థంకాలేదు, భార్య మొహం వంక చూశాడు.

చిల్లరను ఇనప బల్ల మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. కండక్టరమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పైన సీసాలోంచి చుక్క చుక్కగా దిగుతున్నాయి, తను ఆపేసిన నీళ్ళే. ఆ చుక్కల్ని చూడలేక బయటికి వెళ్ళేది, ఒక్కర్తే ఉంటుందేమోనని మళ్ళీ లోపలికి వచ్చేది. బాత్రూము గచ్చు గుర్తొచ్చేది. ఇల్లు తుడిచే గుడ్డ గుర్తొచ్చేది. తను వేసిన ఈల గుర్తొచ్చేది. ఈల వేస్తే దాహంతో కూడా ఆగిపోయిందే అని, అలా మాట వినడం నేర్పింది తనేనని పదేపదే అనుకునేది. ఎదురు తిరిగి కరిచినా బాగుండేదనుకుంది.

మూడు నాలుగు రోజులు పోయాక, కిడ్నీలు ఇక తేరుకోవని డాక్టరమ్మ చెప్పింది. బాధ లేకుండా నిద్రపుచ్చే ఇంజెక్షన్ చేయమంటారా, ఇంటికి తీసుకెళతారా అని అడిగింది. ఇంటికే అంది కండక్టరమ్మ. ఎక్కిన బస్సు, దాని సీటు మీంచే దిగనీ అంది.

అటక మీంచి గిన్నె దించి, తోమి, అంచు దాకా నీళ్ళు పోసి సీటు పక్కన పెట్టింది. చిల్లర తల ఎత్తి గిన్నె వంక చూసింది. తరువాత కండక్టరమ్మ వంక చూసింది, తాగొచ్చా అన్నట్టు. ఆ చూపు ఆమె బతికున్నన్నాళ్ళూ మరచిపోదు. తాగవే, నీవేనే అవన్నీ అని మూతి గిన్నెకు ఆనించింది. నాలుక అందుకోలేకపోయింది. వేలు ముంచి నాలుక మీద రాసింది, మళ్ళీ ముంచి రాసింది. మెకానిక్కు కుర్చీ తెచ్చుకుని కాస్త దూరంలో కూర్చున్నాడు. పాప లోపలి గదిలో నిద్రపోతోంది.

ఎండ కిటికీ దిగి తలుపు దాకా వచ్చేవేళకు చిల్లర కండక్టరమ్మ ఒళ్ళోకి చేరింది. ఒళ్ళు వదిలేసింది. ఆమె ఒడంతా వెచ్చగా తడిసింది. ఆ తడి తగలగానే, అంత నీరసంలో కూడా, చిల్లర ఉలిక్కిపడి లేవబోయింది. గోడవైపు పోయి కూర్చోవాలని చూసింది. కండక్టరమ్మ రెండు చేతులా పట్టుకుని ఆపింది.

“వద్దు, లేవకు. ఏం ఫర్వాలేదు తల్లీ. పొయ్యి, ఎంతైనా పొయ్యి, నేనేమీ అనను. ఇంకెవరూ ఏమీ అనరు.”

అది మళ్ళీ తల వాల్చింది. ఊపిరి ఒకటి వచ్చి చాలాసేపటికి గాని ఇంకొకటి రాలేదు. మెడలో ఈల ఉంది గాని ఊదడానికి పెదాలు కుదరలేదు. చెవి దగ్గర వంగి, ఎప్పుడూ గట్టిగా అరిచే మాటను ఈసారి తనకే వినబడనంత నెమ్మదిగా అంది, “రైట్, రైట్.” చిల్లర వెళ్ళిపోయింది.

తడిసిన బట్టలతోనే ఆమె సాయంత్రం దాకా అలా కూర్చుండిపోయింది. మార్చుకోమని మెకానిక్కు అడగలేదు.

తరువాత రోజులు ఎలాగో ఒకలా గడిచాయి. పాప పాక్కుంటూ తలుపు వెనక్కి పోయి, ఖాళీ సీటు మీద చేత్తో కొట్టి, ఎవరూ లేవకపోతే వెనక్కి వచ్చేది. నేల పొడిగా ఉంది. ఇప్పుడెవరికీ ఏ ఇబ్బందీ లేదు. గిన్నె మాత్రం నిండుగా అక్కడే ఉంది. కండక్టరమ్మకు ఆ నీళ్ళు పారబోయడానికి చేతులు రాలేదు. కూతురు, నువ్వు వద్దంటే డిపో మాట ఎత్తేదాన్నే కాదమ్మా అని ఏడిస్తే, నీదేం తప్పులే అంది. నిజంగానే అలా అనుకుంది.

ఒక సాయంత్రం కూతురు షాపు నుంచి వచ్చి సంచి బల్ల మీద పెట్టి, నడుము పట్టుకుని గోడకు చేరగిలబడింది. పొద్దుట్నుంచీ తల పగిలిపోతోందని, పోసుకుంటే మంటగా కూడా ఉందని మామూలుగా చెప్పేసింది, బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు. కండక్టరమ్మ టిఫిన్ డబ్బా కడుగుదామని సంచి తెరిచింది. డబ్బా పక్కన నీళ్ళ సీసా. పొద్దున తను నింపింది. మూతి దాకా అలాగే ఉంది.

ఆమె ఆ సీసాను బయటికి తీసి చేత్తో పట్టుకుంది. ఇలాంటి నిండు సీసాలు ఎన్ని తన చేత్తో పూలకుండీల్లో ఒంపలేదు. బుద్ధిమంతురాలని మెచ్చుకుంటూ.

“ఇదేమిటి?” అంది.

“అక్కడ బాత్రూము గోడౌను వెనకాల ఉంటుందమ్మా. తాళం మేనేజరు దగ్గర. ప్రతిసారీ వెళ్ళి అందరి ముందూ అడగాలంటే ఏదోలా ఉంటుంది. నోరు తడుపుకుంటే చాలులే, అలవాటేగా. నువ్వు చెప్పేదానివి కదా.”

తప్పుపడుతూ అనలేదు. తల్లి చెప్పిన మంచిమాటల్లో ఒకటిగానే చెప్పింది. కుర్చీలో పేపరు చదువుతున్న మెకానిక్కు పేపరు దించాడు.

“నేను చెప్పింది తప్పు,” అంది ఆమె. “నువ్వు పుట్టినప్పట్నుంచీ నాకూ ఉంది, చిల్లరకున్నదే. తుమ్మితే కారిపోతుంది, నవ్వితే కారిపోతుంది. ఎవరికీ చెప్పకుండా నీళ్ళు మానేసి బతికాను. అదే నీకు నేర్పాను, అదే దానికీ చేశాను. అది చచ్చిపోయింది.”

మెకానిక్కు పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి తనకు తెలియలేదే అన్న బాధ ఆయన మొహంలో కనబడింది. రేపు నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళతాను, అన్నాడు. ఆమె సరేనని తలూపింది.

తరువాత సీసా మూత తీసి కూతురి చేతికిచ్చింది.

“తాగు. రేపు వెళ్ళగానే తాళం అడుగు. నీకు నోరు రాకపోతే నేనొచ్చి అడుగుతాను. షాపంతా వినేలా అడుగుతాను.”

కూతురు తల్లి కళ్ళలోకి చూసి, సీసా ఎత్తి తాగడం మొదలుపెట్టింది. రెండు గుక్కలు తాగి, అలవాటు కొద్దీ ఆగింది. కండక్టరమ్మ సీసా అడుగున చెయ్యి ఆనించి మళ్ళీ పైకెత్తింది. అది ఖాళీ అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.